ఉండి చూసిన ఇళ్లు

స్తుతి అశ్వారావుపేట పామాయిల్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఎనిమిదేళ్లుగా కెమిస్టు. తోటల నుంచి ట్రాక్టర్ల మీద వచ్చే గెలల్లో నూనె శాతం ఎంతో, తీసిన నూనె ఎలా ఉందో పరీక్షించి చెప్పడం ఆమె పని. మాట తక్కువ మనిషి. ఆమె భర్త జస్టిన్‌కు బస్టాండు వెనక మోటార్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన పంపు మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టి మళ్లీ తిరిగేలా చేస్తాడు. ఆ షాపులో మోటార్ల కన్నా మాటలే ఎక్కువ తిరుగుతాయని ఊళ్లో అంటారు. మోటారు బాగయ్యాక కూడా రైతులు ఓ అరగంట కూర్చునే వెళ్తారు.

ఆ ఫిబ్రవరిలో మలేసియాలోని ఒక పామాయిల్ మిల్లు స్తుతికి మూడేళ్ల ఉద్యోగం ఇచ్చింది. భార్యాభర్తలిద్దరికీ వీసా ఇస్తామంది. ఆమె కన్నా జస్టినే ఎక్కువ సంబరపడ్డాడు. ఆదివారం చర్చి దగ్గర అందరికీ లడ్డూలు పంచాడు. పాస్‌పోర్టులు, మెడికల్ పరీక్షలు, సర్టిఫికెట్లు అన్నీ చకచకా జరిగిపోయాయి. చిక్కంతా చివర్లో వచ్చిన ఒక పేజీ ఫారం దగ్గర వచ్చింది.

అక్కడ ఎక్కడ ఉంటారో చెప్పమని కంపెనీ అడిగింది. మిల్లు పక్కనే, తోటల నడుమ స్టాఫ్ క్వార్టర్స్ ఉన్నాయి. నడిచి పది నిమిషాల్లో డ్యూటీకి వెళ్లొచ్చు. అది వద్దంటే అరవై కిలోమీటర్ల అవతల సముద్రం ఒడ్డున పట్నం ఉంది. అక్కడ ఫ్లాటుకు కిరాయి కంపెనీయే ఇస్తుంది, రాకపోకలకు వ్యాను ఉంటుంది. రెండింట్లో ఒకదానికి టిక్కు పెట్టి నెలాఖరులోగా పంపాలి.

"ఏదంటవ్?" అని అడిగింది స్తుతి, ఫోను అతని ముందు పెట్టి.

"నన్నడుగుతవేంది? ఉద్యోగం నీది. నీ ఇష్టం."

"పొద్దంత ఇంట్ల ఉండేది నువ్వు. నీ ఇష్టం."

"నాదేముంది, ఏడైనా ఒకటే. నువ్వు ఏదంటే అది."

రెండు రోజులు ఇదే మాట అటూ ఇటూ తిరిగింది. వాళ్లిద్దరికీ తప్ప ఊళ్లో అందరికీ గట్టి అభిప్రాయాలున్నాయి. టీ కొట్టు రమణ క్వార్టర్సే మేలన్నాడు. భద్రాచలంలో హాస్టల్ వార్డెన్‌గా పనిచేసే స్తుతి తల్లి సంపూర్ణ ఫోన్ చేసి పట్నమే తీసుకోమంది, మంచి దవాఖానా దగ్గరుండాలంది. మూడో రోజు అన్నం తింటూ స్తుతి కంచం పక్కకు జరిపింది.

"నీ ఇష్టం నీ ఇష్టం అంటే, రేపు ఏదైనా తేడా వస్తే తప్పు నాదైతది. గందుకే గదా అట్ల అంటున్నవ్?"

జస్టిన్ చేతిలో ముద్ద కంచంలో పెట్టి అన్నాడు. "నేను మోటారు బాగుచేస్తే అట్లనే ఇచ్చి పంపుతనా? గంటసేపు తిప్పి చూసి ఇస్త. మనం గూడ తిప్పి చూద్దాం. ఒక వారం పట్నంల ఉన్నట్టు ఉందాం. ఒక వారం తోటల ఉన్నట్టు ఉందాం. అప్పుడు తెలుస్తది."

స్తుతి నవ్వేసింది. కానీ కాదనలేదు. ల్యాబ్‌లో ఏదైనా పరీక్ష చేశాకే మాట్లాడే మనిషికి ఆ ఉపాయం నచ్చింది.

అశ్వారావుపేట నుంచి కొత్తగూడెం అరవై చిల్లర కిలోమీటర్లు. అక్కడ బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే జైరాం జస్టిన్‌కు పాత దోస్తు. కుటుంబంతో సహా వారం రోజులు ఊరికి పోతున్నానని, మేడ మీది గది వాడుకోమని తాళం ఇచ్చాడు. స్తుతి అక్కడి నుంచి రోజూ అశ్వారావుపేటకు బస్సులో డ్యూటీకి వెళ్లిరావాలి. జస్టిన్ షాపు మూసి గదిలోనే ఉండాలి, ఎందుకంటే మలేసియాలో అతనికి షాపు ఉండదు. ఇంకో షరతు స్తుతి పెట్టింది.

"అక్కడ తెలుగు రాదు ఎవరికీ. ఇంట్ల నాతోని తప్ప బయట ఎవ్వరితోని తెలుగు మాట్లాడొద్దు."

"చస్త!" అన్నాడు జస్టిన్.

"అవ్. అందుకే ఇప్పుడే చూసుకోవాలె."

సోమవారం పొద్దున ఆరింటికి స్తుతి బస్సెక్కింది. జస్టిన్ సంచి పట్టుకుని కూరగాయల మార్కెట్‌కు వెళ్లాడు. వంకాయలు వేలితో చూపించాడు, అరచెయ్యి సగానికి కోసినట్టు చేసి అరకిలో అని సైగ చేశాడు. కూరగాయలమ్మే నాగలక్ష్మి అతని చేతులవైపు, ముఖంవైపు చూసి "అయ్యో" అంది. తూకం మొగ్గేలా వేసి, పైన కరివేపాకు, రెండు పచ్చిమిరపకాయలు కొసరు పెట్టింది. పక్క దుకాణం ప్రమీలతో "పాపం, మాటలు రావు. మనిషి చూస్తే ఎంత మంచిగున్నడో" అంది. జస్టిన్‌కు నవ్వాగలేదు. సంచిలో తల పెట్టి ఏదో వెతుకుతున్నట్టు నటించి బయటపడ్డాడు.

మంగళవారం ఆమె అతన్ని దూరం నుంచే చూసి పిలిచింది. ఎవరూ ముట్టని టమాటాలు వేరుగా తీసి ఉంచింది. బుధవారం ఇంకో అడుగు ముందుకేసింది. అతని ముందు రెండు చేతులూ జోడించి, ఆకాశంవైపు చూపించి, గట్టిగా అరిచింది. మాట రానివాళ్లకు చెవి కూడా వినిపించదని ఆమె నమ్మకం.

"నీ కోసం రాములోరికి మొక్కుకున్న తమ్మీ! మాటొస్తే భద్రాచలం వచ్చి కొబ్బరికాయ కొడతనని!"

జస్టిన్ షరతు గిరతు మరిచిపోయాడు.

"అయ్యో అక్కా, నేను మూగోణ్ణి కాదు!"

నాగలక్ష్మి చేతిలో తక్కెడ టమాటాల గంపలో పడింది. "వచ్చింది! మాటొచ్చింది! ఓ ప్రమీలా, ఇటు రా! పొద్దున మొక్కుకున్న, ఇప్పుడే వచ్చింది!" అని కేక పెట్టింది. మార్కెట్ సగం పోగైంది. జస్టిన్ బీరకాయల బస్తా మీద కూర్చుని, చెమట తుడుచుకుంటూ, ఫారం దగ్గర మొదలుపెట్టి మొత్తం కథ చెప్పాల్సి వచ్చింది. మూడు రోజులుగా లోపల ఆగిపోయిన మాటలన్నీ ఒక్కసారి వచ్చాయి. జనం పడీపడీ నవ్వారు. నాగలక్ష్మి మొదట కోపంగా కరివేపాకు వెనక్కి లాక్కుంది. తర్వాత తనూ నవ్వింది. నవ్వు ఆగాక నెమ్మదిగా అడిగింది.

"అయితే తమ్మీ, ఆ దేశంల మూడేండ్లు గిట్లనే మూగోని తీరు తిరుగుతవా?"

జస్టిన్ ఏదో హాస్యమాడదామనుకున్నాడు. బస్తా మీద నుంచి లేచి సంచి చేతికి తీసుకున్నాడు.

ఆ సాయంత్రం స్తుతి ఏడున్నరకు వచ్చింది. బస్సులో నిలబడి వచ్చిందేమో కాళ్లు వాచాయి. జస్టిన్ గుత్తివంకాయ చేసి, మార్కెట్ సంగతి మనిషి మనిషినీ అనుకరిస్తూ చెబుతుంటే నవ్వింది. తక్కెడ పడిన చోటికి వచ్చేసరికి గోడకు ఆనుకుని అలాగే నిద్రపోయింది. కంచంలో అన్నం సగమే తింది. గురువారమూ అంతే. శుక్రవారం ల్యాబ్‌లో ఒక నమూనా రెండుసార్లు తప్పు చదివింది. అలా ఆమెకెప్పుడూ జరగలేదు. ఆ సంగతి జస్టిన్‌కు చెప్పలేదు. అతనికి పట్నం బాగుందని అనుకుంది. మార్కెట్ కథలు చెప్పేటప్పుడు అతని ముఖం ఎంత వెలిగిందో చూసింది కదా.

తర్వాతి వారం భద్రయ్య కాపలా ఉండే తోటకు మారారు. అశ్వారావుపేటకు ఆరు కిలోమీటర్ల దూరాన, అడవి మొదలయ్యే చోట ఇరవై ఎకరాల పామాయిల్ తోట అది. యజమాని సత్తుపల్లిలో ఉంటాడు. భద్రయ్య, అతని భార్య ఆదెమ్మ ఒక ఇంట్లో ఉంటారు, పక్కన ఇంకో గది ఖాళీగా ఉంది. ఆ తోట బోరు మోటారు జస్టినే చూస్తాడు కాబట్టి అడగ్గానే ఒప్పుకున్నారు. వాళ్లది కోయ కుటుంబం. ఇంట్లో వాళ్ల మాటే మాట్లాడుకుంటారు. షరతు ప్రకారం జస్టిన్‌తో కూడా ఆ మాటే మాట్లాడమంది స్తుతి. ఆదెమ్మకు అది మహా సరదాగా అనిపించింది.

మొదటిరోజే ఆమె బిందె చేతికిచ్చి, "ఏరు" తెమ్మని సైగ చేసింది. జస్టిన్ బిందె భుజాన వేసుకుని, ఏరు ఎక్కడుందో వెతుక్కుంటూ తోట దాటి, గుట్ట పక్కనుంచి కిలోమీటరున్నర నడిచి వాగు దగ్గరికి పోయాడు. చెమటలు కక్కుతూ నీళ్లతో వచ్చేసరికి ఆదెమ్మ గుమ్మంలో కూర్చుని కడుపు పట్టుకుని నవ్వుతోంది. వాళ్ల మాటలో ఏరంటే నీళ్లేనని, బోరు ఇంటి వెనకాలే ఉంది కదా అని భద్రయ్య విడమరిచి చెప్పాడు.

స్తుతికి ఆ వారం రెక్కలొచ్చినట్టయింది. స్కూటీ మీద పావుగంటలో ఫ్యాక్టరీ. సాయంత్రం ఐదున్నరకల్లా ఇల్లు. స్నానం చేసి, గుమ్మం ముందు మంచం వాల్చుకుని, ఏ మాటా లేకుండా చెట్ల నీడ పొడుగవడం చూసేది. ఆమెకు కావాల్సినది అదే. ఫారం మీద ఏ గడికి టిక్కు పెట్టాలో మంగళవారానికే తెలిసిపోయింది. పైకి అనలేదు.

జస్టిన్‌కు మాత్రం బుధవారానికి తోట ఇరుకైపోయింది. ఎటు చూసినా ఒకే ఎత్తు చెట్లు, ఒకే దూరం, ఒకే నీడ. భద్రయ్య పొడవాటి గడకు కట్టిన కొడవలితో గెలలు కోస్తుంటే తనూ ప్రయత్నించాడు. ఒక మట్ట కోసి అది తన పక్కనే పడేసరికి కొడవలి వదిలేసి పరుగెత్తాడు. భద్రయ్య నవ్వి, కొడవలి మళ్లీ అతని చేతికివ్వలేదు. పగలు భద్రయ్య, ఆదెమ్మ పనిలో ఉంటే అతను గదిలో ఫ్యాను చూస్తూ పడుకునేవాడు. ఆ ఫ్యాను బాగానే తిరుగుతోంది. గురువారం దాన్ని కూడా విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించాడు. సాయంత్రం స్తుతి వచ్చేసరికి అతను గది ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు.

"ఏం జేసినవ్ ఇయ్యాల?"

"ఏం లేదు. మంచిగనే ఉంది."

ఆ "మంచిగనే" ఆమెకు నచ్చలేదు. పెళ్లయిన ఏడేళ్లలో అతను ఏ సంగతినైనా రెండు మాటల్లో ముగించడం ఆమె వినలేదు. స్కూటీ తాళం చెవి చేతిలో తిప్పుతూ ఎదురుగా కూర్చుంది.

"జస్టిన్, నిజం చెప్పు. ఇక్కడ నీకు బాగలేదు."

"నీకు బాగుంది గదా. నాకది చాలు."

"అది నేనడగలె."

అతని నోట మెల్లగా వచ్చాయి మాటలు. "భయమైతుంది స్తుతి. అశ్వారావుపేటల నేను జస్టిన్‌ని. అక్కడ నువ్వు మేడమ్‌వి, నేను మేడమ్ భర్తను. పొద్దంత ఏం జెయ్యాలె? ఎవరితోని మాట్లాడాలె? అది చెప్తే నువ్వు ఉద్యోగమే వద్దంటవని చెప్పలె."

స్తుతికి కళ్లు చెమర్చాయి. ఆమె కూడా తను దాచింది చెప్పింది. కొత్తగూడెంలో నాలుగు రోజులు ఆకలే వెయ్యలేదని, నమూనా తప్పు చదివిందని, అతనికి పట్నం నచ్చిందని ఓర్చుకుందని. జస్టిన్ నోరు తెరిచాడు.

"నాకు పట్నం నచ్చిందని ఎవరన్నరు? ఆ గదిల పిచ్చి లేసింది నాకు! నాగలక్ష్మక్క లేకుంటే బుధవారమే పారిపోయేటోణ్ణి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రెండు వారాలు, రెండు ఇళ్లు. ఒకరి కోసం ఒకరు చెరో ఇంట్లో అవస్థ పడ్డారు. ముందు స్తుతికే నవ్వొచ్చింది. తర్వాత అతనికి. ఆ నవ్వులకు ఆదెమ్మ చేట పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది. సంగతి ఏందని స్తుతిని తెలుగులో అడిగింది. విని, అక్కడే చతికిలబడి, చేటలో ఇప్పపువ్వు ఏరుతూ అంది.

"మా పెండ్లప్పుడు గూడ గిట్లనే అయింది చెల్లె. నాది పినపాక దిక్కు. ఇటొచ్చినంక ఇల్లేసుకోనీకి రెండు జాగలు చూపిచ్చిండ్రు. ఒకటి రోడ్డు పొంటి, ఒకటి వాగు పొంటి. ఈయన భూమి మంచిగుందా, నీళ్లున్నయా అని చూసిండు. నేను పక్కన ఎవరుంటరని అడిగిన. వాగు పొంటి సోమ్లి ఉంటదన్నరు. పోయి సోమ్లితోని ఒక పొద్దంత కూసున్న. ఆమెది లంబాడా మాట, నాది కోయ మాట. అయినా కుదిరింది. ఆడనే ఏసుకున్నం. పదేండ్లున్నం." ఒక పుల్ల తీసి పారేసి అడిగింది, "మీరు పోయే కాడ పక్కన ఎవరుంటరు?"

వాళ్లిద్దరూ కిరాయి, దూరం, వ్యాను, దవాఖానా అన్నీ అడిగారు. ఆ ప్రశ్న మాత్రం ఎవరినీ అడగలేదు.

ఆ సాయంత్రమే స్తుతి కంపెనీ ఆఫీసుకు మెయిల్ రాసింది. మీ మిల్లులో పనిచేసేవాళ్లు అసలు ఎక్కడుంటారు, వాళ్ల పక్కన మాకేమైనా దొరుకుతుందా అని. మర్నాడు మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. ఎక్కువమంది మిల్లుకు పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో, నది ఒడ్డున ఉన్న చిన్న ఊళ్లో ఉంటారట. అక్కడ కంపెనీ ఇళ్లు లేవు కాబట్టి ఫారంలో పెట్టలేదట. ఒక పెద్దామె తన ఇంట్లో సగం అద్దెకిస్తుందని, మాట్లాడి చూడమని ఒక నంబరు పంపారు.

శనివారం నాలుగు గంటలకు వీడియో కాల్ చేశారు. జస్టిన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పొద్దుట్నుంచి వల్లెవేసిన ఇంగ్లీషుతో సిద్ధంగా కూర్చున్నాడు. తెరమీద నెరిసిన జుట్టు ముడేసుకున్న ఒక ముసలామె కనిపించింది.

"గుడ్ ఈవెనింగ్ మేడమ్. వుయ్ ఆర్ హజ్బెండ్ అండ్ వైఫ్. వుయ్ ఆర్ వెరీ గుడ్ పీపుల్," అన్నాడు జస్టిన్.

ఆమె కళ్లు చికిలించి చూసింది. జస్టిన్ స్తుతివైపు వంగి గొంతు తగ్గించాడు. "నా ఇంగ్లీషు ఈమెకు సమజైతలేదు. నువ్వు మాట్లాడు."

"సమజైతలేదంటే ఏటి బాబూ?" అంది తెరమీది ముసలామె.

స్తుతి చేతిలోంచి ఫోను జారబోయింది. జస్టిన్ లేచి నిలబడ్డాడు. తెరలో అతని చొక్కా గుండీలు మాత్రమే కనబడుతున్నాయి.

"అమ్మా! మీరు తెలుగా!"

"కాదేటి? మా ముత్తాత శ్రీకాకుళం నుంచి ఓడెక్కి ఇక్కడి కొబ్బరి తోటలకి పనికొచ్చాడు. నా పేరు అప్పలనర్సమ్మ. మా ఊళ్లో తెలుగోళ్లం నలభై గడపలున్నాం. మరి మీది తెలుగేనా? ఇదేం తెలుగు?"

"మాది భద్రాచలం దిక్కమ్మా. మేం గిట్లనే మాట్లాడుతం."

"గిట్లనే!" అని ఆమె ఆ మాటను నోట్లో తిప్పి చూసుకుని పకపకా నవ్వింది. "భద్రాచలమా? రాముడి పటం ఉంది మా దేవుడింట్లో. మీరు చూశారా గుడి?"

"మాది చర్చమ్మా. అయినా చూసిన. అక్కడి గుడి మోటారు నేను..." అని మొదలుపెట్టిన జస్టిన్ మోకాలిని స్తుతి గిల్లింది.

అప్పలనర్సమ్మ ఇల్లంతా నడిచి చూపించింది. రెండు గదులు, ఒక వసారా, వెనక నది. దాచిపెట్టకుండా చెప్పింది. పున్నమికీ అమావాస్యకీ సముద్రం పోటు వస్తే పెరట్లోకి నీళ్లొస్తాయి. దోమలు ఎక్కువ. రెండో గది కప్పు ఒకచోట కారుతుంది. ఎడమ పక్కన చైనావాళ్ల కాఫీ కొట్టు, కుడి పక్కన చేపలు పట్టే మలయ్ కుటుంబం. ఆ ఇంటావిడ రోజూ ఈమెకు కూర పంపుతుంది, ఈమె ఆమెకు చారు పంపుతుంది. వంటగది ఒకటే, ఇద్దరూ వాడుకోవాలి. మీకు నచ్చిందో లేదో సోమవారంలోగా చెప్పండి, నాకూ మీరు నచ్చాలి కదా అని ఫోన్ పెట్టేసింది.

జస్టిన్ గదిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు. నోటిదాకా వచ్చిన "నీ ఇష్టం" అన్న మాటను మింగేశాడు.

"నాకు ఈ ఇల్లు గావాలె," అన్నాడు.

"నాకు వద్దు," అంది స్తుతి.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. పెళ్లయ్యాక ఇలా ఎదురెదురుగా అనుకోవడం ఇదే మొదటిసారి.

"ఎందుకొద్దు?"

"ఒక వంటగదిల ఇద్దరాడోళ్లు, నడుమ నువ్వు. ఆమె గూడ నీ తీరే మాట్లాడుతది. ల్యాబ్‌ల పొద్దంత పనిచేసి వస్తే నాకు గంటసేపు ఎవ్వరి మాట వినబడొద్దు. తోటల ఆ గంట దొరికింది. నాకది గావాలె."

"అయితే ఆమెనే అడుగుదాం. లేదంటే వేరే ఇల్లు చూద్దాం. కానీ ఆ ఊరు మాత్రం నాకు కావాలె స్తుతి. కొడవలి పట్టుడు నాతోని కాదు గానీ, ఆ చేపలాయన పడవ ఇంజను చూసినవా, పొగెట్ల కక్కుతుందో?"

స్తుతి అది చూడలేదు. అతను చూశాడు. తోటకు వచ్చాక మొదటిసారి ఆమెకు అతని గొంతులో మళ్లీ ఆ ఊపు వినబడింది.

ఆదివారం చర్చి నుంచి రాగానే స్తుతే ఫోన్ చేసింది. మొహమాటపడకుండా చెప్పింది. తమకు వేరే పొయ్యి కావాలని, సాయంత్రం వచ్చాక ఒక గంట తమ గది తలుపు మూసి ఉంటుందని, దాన్ని తప్పుగా అనుకోవద్దని. చెబుతుంటే ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అప్పలనర్సమ్మ అంతా విని, గట్టిగా ఊపిరి వదిలింది.

"బతికించావమ్మా. ఏడింటినుంచి ఎనిమిదింటిదాకా నా సీరియళ్లు. ఆ టైములో ఎవరైనా వచ్చి మాట్లాడితే నాకు చెడ్డ కోపం. నేనెలా చెప్పాలా అని రాత్రంతా ఆలోచించాను." వసారాలో గట్టు కట్టించుకుని పొయ్యి పెట్టుకోమంది. తనదీ ఒక షరతు అంది. "నచ్చకపోతే మూడు నెలలకి నేను చెప్తాను, మీరూ చెప్పాలి. మనసులో పెట్టుకుని మూతి ముడుచుకుంటే నేను భరించలేను."

"అవ్ అమ్మా," అంది స్తుతి. "అది మేం ఈ మధ్యనే నేర్చుకున్నం."

ఫారంలోని రెండు గడులూ కొట్టేసి, కింద ఖాళీలో ఆ ఊరి పేరు, ఇంటి చిరునామా రాసి పంపింది. కంపెనీ అభ్యంతరం చెప్పలేదు. మిల్లు బస్సు ఆ ఊరి మీదుగానే వెళ్తుందని రాసింది.

జూన్ రెండో వారంలో బయలుదేరారు. షాపును జస్టిన్ కిరాయికి ఇచ్చాడు, పనిముట్ల పెట్టె మాత్రం వెంట తీసుకున్నాడు. బరువెక్కువైందని విమానాశ్రయంలో స్తుతి రెండు చీరలు తీసి తల్లి చేతికిచ్చింది. సంపూర్ణ ఏడవలేదు. దసరా సెలవుల్లో హాస్టల్ మూస్తారని, అప్పుడు తను కూడా వచ్చి చూస్తానని, పాస్‌పోర్టుకు అప్పటికే పెట్టేశానని చెప్పింది.

నది ఒడ్డు ఇంటికి చేరేసరికి వాన పడుతోంది. అప్పలనర్సమ్మ గొడుగు పట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉంది. ఆమె వెనక కాఫీ కొట్టు ఆయన, చేపలావిడ, ఇంకో నలుగురు. అందరూ సామాను తలా ఒకటి అందుకున్నారు. జస్టిన్‌కు మలయ్ భాషలో ఒక్క ముక్క రాదు. అయినా లోపలికి వచ్చేసరికి చేపలావిడ భర్తతో ఇంజను గురించి చేతులతో ఏదో చర్చ మొదలైపోయింది. అతనికి పనిచేసే అనుమతి అప్పటికి రాలేదు. ఇంకా ఎన్నాళ్లు పడుతుందో తెలియదు. అప్పటిదాకా ఊరికే చూసి చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని అతని వాదన.

వాళ్లంతా వెళ్లాక, పడక గదిలో మంచం ఎటు వెయ్యాలనే ప్రశ్న వచ్చింది. ఒక కిటికీ నదివైపు, ఇంకోటి వీధివైపు.

"నదివైపు," అంది స్తుతి వెంటనే.

"వీధివైపు," అన్నాడు జస్టిన్ అంతే వెంటనే. "పొద్దున లేవంగనే మనుషులు కనబడాలె."

"నాకు పొద్దున లేవంగనే మనుషులు కనబడొద్దు."

పావుగంట వాదించుకున్నారు. గోడ అవతల సీరియల్ శబ్దం కాస్త తగ్గింది. అప్పలనర్సమ్మ చెవి పెట్టి వింటోందని ఇద్దరికీ అర్థమైంది. చివరికి మంచం నదివైపు వేసి, వీధివైపు కిటికీ కింద ఒక కుర్చీ వేశారు. స్తుతి తడి చెప్పులు విప్పి మంచమెక్కింది. జస్టిన్ కుర్చీలో కూర్చుని, కిటికీ తెరిచి, దారిన పోయే సైకిలాయనకు చెయ్యి ఊపాడు. అతను సైకిలాపి, తిరిగి చెయ్యి ఊపాడు.